ఎవియాన్ సంగీతోత్సవానికి వెళ్లడం ఎలా: బస నుంచి తిరుగు పడవ దాకా

జెనీవా, లోజాన్ వైపు ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు, వేసవిలో వాళ్ల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు తరచూ అడుగుతుంటారు: "ఎవియాన్‌లో ఏదో సంగీతోత్సవం జరుగుతుందట కదా, ఎలా వెళ్లాలి? వెళితే మనకు అర్థమవుతుందా?" రెండో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, కాస్త ముందే విని వెళితే అర్థమవుతుంది. చిక్కంతా మొదటిదానితోనే.

ఎవియాన్ లె బాన్ ఫ్రాన్స్‌లోని స్పా ఊరు. ఆల్ప్స్ అంచున, జెనీవా సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఉంటుంది. సీసాల మీద మనం చూసే ఎవియాన్ నీళ్లు ఇక్కడివే. ఏటా జూన్ ఆఖర్లో మొదలై జూలై మొదటి రోజుల దాకా సాగే ఈ ఉత్సవం పేరు రాంకోంత్ర్ మ్యూజికాల్. ప్రధాన వేదిక లా గ్రాంజ్ ఓ లాక్. ఊరికి ఎగువన, చెట్ల మధ్య చెక్కతో కట్టిన హాలు అది. వెయ్యి మందికి పైగా పడతారు.

హాలు పైన ఉంది, పడవల రేవు కింద ఉంది, పెద్ద కచేరీలు రాత్రిపూట ఉంటాయి. మనవాళ్లు పడే ఇబ్బందుల్లో సగం ఇక్కడే పుడతాయి. అందుకే ప్లాన్‌ని చివరి నుంచి మొదలుపెట్టండి. కచేరీ అయ్యాక ఎక్కడ పడుకుంటారు, అక్కడికి ఎలా చేరతారు అన్నది తేలాకే టికెట్టు కొనండి.

1. ముందు రాత్రి బస తేల్చుకోండి

మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఎవియాన్‌లోనే ఒక రాత్రి ఉండటం అన్నింటికన్నా హాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, ఇదే చేయండి. ఖర్చు ఎక్కువే. ఉత్సవం రోజుల్లో గదులు త్వరగా నిండుతాయి. దానికి తోడు జూలైలో ఇక్కడ మహిళల అంతర్జాతీయ గోల్ఫ్ పోటీ జరుగుతుంది. ఆ తేదీల దగ్గర రేట్లు ఇంకా పైకి పోతాయి.

తోనాన్ లె బాన్ పక్క ఊరు, అదీ స్పా ఊరే. ఎవియాన్ నుంచి రైలెక్కితే పది నిమిషాల్లో వస్తుంది. కారు ఉంటే మంచి ఎంపిక. కారు లేకపోతే రాత్రి రైలు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

లోజాన్ అవతలి ఒడ్డు, స్విట్జర్లాండ్. ఊషీ రేవు నుంచి ఎవియాన్‌కు పడవలో సుమారు 35 నిమిషాలు. లోజాన్ రైల్వే స్టేషన్ నుంచి ఊషీకి ఎం2 మెట్రో దిగువకు తీసుకెళ్తుంది. సాయంత్రం వెలుగులో ఆ పడవ ప్రయాణమే సగం పండగ. కానీ చివరి పడవ టైము వారాన్ని బట్టి, సీజన్‌ని బట్టి మారుతుంది. "రోజూ ఉంటుంది" అని ఎవరో చెప్పిన మాట నమ్మకుండా, మీ తేదీ వేసి పడవల సంస్థ సీజీఎన్ సైట్‌లో చూడండి.

జెనీవా నుంచి లెమాన్ ఎక్స్‌ప్రెస్ ఎల్1 రైలు మారే పని లేకుండా ఎవియాన్ దాకా వస్తుంది. గంట దాటుతుంది. పగటి కచేరీకి బావుంటుంది. రాత్రి కచేరీకి వెళ్లి, అదే రాత్రి జెనీవా తిరిగి రావాలనుకోవడం మాత్రం నాకు నచ్చని ప్లాన్. చివరి పాట వింటున్నంతసేపూ మనసు గడియారం మీదే ఉంటుంది.

గది తీసుకునే ముందు:
– ఆ రాత్రి చివరి రైలు, చివరి పడవ టైములు రాసుకున్నారా?
– హాలు నుంచి గదికి నడక ఎంత? ఎక్కుడా, దిగుడా?
– టాక్సీ అవసరమైతే ముందే బుక్ చేశారా? ఇది చిన్న ఊరు. కచేరీ విడిచాక రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే టాక్సీ ఆగుతుందనుకోకండి.
– ఆ రోజు కచేరీకి ప్రత్యేక బస్సు గానీ, పడవ గానీ ఉందేమో ఉత్సవం సైట్‌లో చూశారా?

గది అద్దెతో పాటు మనిషికి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను విడిగా కట్టాల్సి వస్తుంది. మొత్తం చిన్నదే గానీ బిల్లులో చూసి కంగారు పడొద్దు.

2. వీసా, కాగితాలు

స్విట్జర్లాండ్‌లో నివాస పర్మిట్ ఉన్నవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. రెండూ షెన్‌గెన్ దేశాలే. అయినా పాస్‌పోర్టు, పర్మిట్ రెండూ వెంట ఉంచుకోండి. పడవ దిగగానే వేరే దేశం కదా, ఎప్పుడైనా అడగవచ్చు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఒక సంగతిలో తప్పు చేస్తారు. కచేరీ ఫ్రాన్స్‌లో కాబట్టి వీసా కూడా ఫ్రాన్స్‌కే పెట్టాలనుకుంటారు. చూడాల్సింది రాత్రుల లెక్క. ఎక్కువ రాత్రులు లోజాన్‌లో కొడుకు ఇంట్లో ఉంటే దరఖాస్తు స్విట్జర్లాండ్‌కే. రెండు దేశాల్లో సమానంగా ఉంటే ముందు ఏ దేశంలో అడుగుపెడతారో దానికి. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల కన్నా తక్కువ ఉండకూడదు. వేసవి రద్దీలో 15 రోజులు ఏ మూలకూ చాలవు. మార్చి, ఏప్రిల్‌లోనే పని పూర్తి చేసుకోండి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

3. ఏ కచేరీకి వెళ్లాలి

పెద్ద పేరున్న కళాకారుడిని చూసి టికెట్టు కొనడం మామూలే. మొదటిసారి వెళ్లేవాళ్లు పేరు కన్నా కచేరీ రకం చూడటం మేలు.

ఆర్కెస్ట్రా కచేరీలో కళ్లకీ పని ఉంటుంది, చెవులకీ ఉంటుంది. సాధారణంగా ముందు ఒక చిన్న రచన, తర్వాత ఒక వాద్యకారుడు ముందుకొచ్చి వాయించే కన్‌చెర్టో, విరామం, ఆపైన ఆర్కెస్ట్రా మొత్తం వాయించే పెద్ద రచన, అదే సింఫనీ. మొదటిసారికి ఇది తీసుకోండి.

చాంబర్ సంగీతం ఈ ఉత్సవానికి ప్రాణం. నలుగురైదుగురు వాయిస్తారు, ఎదురుగా నిలబడి చేతులతో నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరి కనుసైగతో ఇంకొకరు అందుకోవడం దగ్గరి నుంచి చూడాల్సిందే. కర్ణాటక కచేరీలో వయొలిన్, మృదంగం అందుకునే తీరు గమనించే అలవాటున్నవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఒక్కరే కూర్చుని వాయించే పియానో కచేరీ ఏకాగ్రత అడుగుతుంది. అది రెండోసారికి ఉంచండి.

పిల్లలు ఉంటే పగటిపూట, విరామం లేకుండా ఒక గంటలో అయ్యే కార్యక్రమం ఏదైనా ఉందేమో వెతకండి. రాత్రి రెండు గంటలు నిశ్శబ్దంగా కూర్చోమంటే వాళ్లకీ శిక్షే, మీకూ శిక్షే. జూన్ 21 నాటికే మీరు అక్కడ ఉంటే, ఆ రోజు ఫ్రాన్స్ అంతటా వీధుల్లో ఉచితంగా సంగీతం వినిపిస్తారు. పిల్లలకు అది మంచి మొదలు.

4. టికెట్టు, సీటు

టికెట్టు ఉత్సవం సొంత సైట్‌లోనే కొనండి. తేదీ, గంట, వేదిక మూడూ సరిచూసుకోండి. అన్ని కచేరీలూ పెద్ద హాల్లోనే జరుగుతాయనుకోవద్దు. కిందికి వెళ్లాల్సినవాళ్లు పైకి వెళితే మొదటి భాగం పోయినట్టే. టైము 24 గంటల లెక్కలో రాస్తారు. విద్యార్థులు తగ్గింపు ఉందేమో చూసుకోండి. ఉంటే వయసు రుజువు వెంట తీసుకెళ్లండి.

సీటు విషయంలో నా లెక్క ఇది. పియానో ఉంటే వేదికకు ఎదురుగా నిలబడినప్పుడు మన ఎడమ చేతి వైపు తీసుకోండి, వాయించేవారి వేళ్లు కనిపిస్తాయి. చాంబర్ సంగీతానికి ముందు వరసలు. ఆర్కెస్ట్రాకి మరీ ముందు కూర్చుంటే మొదటి వరస వయొలిన్లు తప్ప వెనకాల ఊదే వాద్యాలు కనిపించవు. మధ్య నుంచి వెనక్కి ఉంటే శబ్దం కలిసి వస్తుంది, ధర కూడా తగ్గుతుంది.

5. ముందే వినండి, కానీ పద్ధతిగా

అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ పనే. చాలామంది వదిలేసేదీ ఇదే.

ముందుగా కార్యక్రమం పట్టిక చదవడం నేర్చుకోవాలి. మన కచేరీలో కీర్తన, రాగం, తాళం, వాగ్గేయకారుడు అని చూస్తాం. ఇక్కడ స్వరకర్త పేరు, రచన రకం, స్థాయి (ఇంగ్లిష్‌లో కీ అంటారు), ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరు ముఖ్యం. ఒకే స్వరకర్త డజన్ల కొద్దీ క్వార్టెట్లు (నలుగురు వాయించే రచనలు) రాసి ఉంటాడు, నంబరు లేకుండా వెతికితే వేరేది వింటారు. మొజార్ట్‌కి కె., బాఖ్‌కి బీడబ్ల్యూవీ, షూబర్ట్‌కి డి., హైడన్‌కి హోబ్., మిగతా చాలామందికి ఓపస్. మొజార్ట్ క్లారినెట్ కన్‌చెర్టో కావాలంటే కె. 622 అని వెతకండి, నేరుగా అదే వస్తుంది.

తర్వాత మూవ్‌మెంట్లు. ఒక రచన మూడు నాలుగు విడి భాగాలుగా ఉంటుంది. పట్టికలో ప్రతి భాగానికీ వేగం రాసి ఉంటుంది: అలెగ్రో అంటే చురుగ్గా, అందాంతే అంటే నడక వేగంతో, అడాజియో అంటే నెమ్మదిగా, ప్రెస్తో అంటే బాగా వేగంగా. ఈ నాలుగూ తెలిస్తే ఎక్కడున్నామో తెలుస్తుంది.

ఇక వినడం. ఒక్కో రచనకు మూడుసార్లు చాలు.

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా వినండి. వంట చేస్తూ వినడం లెక్కలోకి రాదు.

రెండోసారి పట్టిక ఎదురుగా పెట్టుకుని, ఏ మూవ్‌మెంట్ ఎక్కడ ముగిసిందో గుర్తుపట్టండి. చప్పట్ల గొడవ తీర్చేది ఇదే. దాని సంగతి కింద చెబుతాను.

మూడోసారి ఒకే ఒక్క వాద్యాన్ని పట్టుకుని చివరిదాకా వెంట వెళ్లండి. క్వార్టెట్ అయితే చెల్లో అనే వాద్యాన్ని పట్టుకోండి, వయొలిన్ లాంటిదే గానీ పెద్దది. అడుగున అది ఏం చేస్తోందో వినపడటం మొదలైతే మిగతా ముగ్గురూ వాటంతట అవే విడివిడిగా వినిపిస్తారు.

మన చెవికి అలవాటైన రెండు ఇక్కడ దొరకవు. వెనకాల తంబురా శ్రుతి ఉండదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే రాగం పట్టుకుని ఉండదు, స్థాయి మధ్యలో మారిపోతుంది. దాని కోసం వెతుకుతూ కూర్చుంటే చిరాకు వస్తుంది. దొరికేది వేరే ఉంది. షూబర్ట్ క్వార్టెట్ డి. 810 రెండో మూవ్‌మెంట్ వినండి. ముందు ఒక సాదా పల్లవి లాంటి వరస వస్తుంది, తర్వాత దాన్నే రకరకాలుగా విప్పుతూ పోతారు. ఒకే పంక్తికి సంగతులు వేసే పద్ధతి తెలిసిన చెవికి ఇది ఇట్టే అందుతుంది. మొదటిసారి వినేవాళ్లకు నేను ఇక్కణ్ణుంచే మొదలుపెట్టమంటాను.

6. బట్టలు, సంచి

సూటు వేసుకుని తీరాలన్న రూలు లేదు. శుభ్రంగా ఉంటే చాలు. పట్టుచీర కట్టుకుంటే మరీ మంచిది, ఎవరూ వింతగా చూడరు. చెప్పులు మాత్రం ఆలోచించి వేసుకోండి. ఏటవాలు దారిలో హీల్స్ నరకం.

గాజులు, పట్టీలు ఆ ఒక్కపూటకీ తీసేయండి. నెమ్మది మూవ్‌మెంట్‌లో గాజుల గలగల మూడు వరసలకు వినిపిస్తుంది. నవ్వుకుంటారేమో గానీ నిజం.

సంచిలో ఉండాల్సినవి:
– శాలువా లేదా పల్చటి స్వెటర్. పగలు ఎండ మండినా, రాత్రి కొండగాలి చల్లగా ఉంటుంది.
– చిన్న గొడుగు. వేసవి సాయంత్రాల్లో ఉరుముల వాన చెప్పకుండా వస్తుంది.
– దగ్గు బిళ్లలు, కాగితం ముందే విప్పి.
– టికెట్టు ఫోన్‌లో, ఇంకో కాపీ కాగితం మీద.
– చిన్న టార్చి లేదా ఫోన్ చార్జి. రాత్రి కొండ దిగాలి.

ఫోన్ గురించి ఇంకో మాట. సరస్సు ఒడ్డున ఫోన్ ఫ్రాన్స్ నెట్‌వర్క్ వదిలి అవతలి స్విస్ టవర్‌ని పట్టుకుంటుంది. యూరోపియన్ యూనియన్ సిమ్ ఉన్నవాళ్లకు స్విట్జర్లాండ్ రోమింగ్ ఉచితం కాకపోవచ్చు. స్విస్ సిమ్ ఉన్నవాళ్లకు ఫ్రాన్స్ రోమింగ్ సంగతీ అంతే. ఆటోమేటిక్ ఎంపిక ఆపేసి నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకోండి.

7. కచేరీ రోజు

ఆ రోజు అన్నింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది భోజనం. ఫ్రాన్స్‌లో హోటళ్లు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా వడ్డిస్తాయి, మళ్లీ రాత్రి 7 తర్వాతే. కచేరీ 8 గంటలకు అయితే సాయంత్రం 6కి భోజనం దొరకదు, 10.30కి బయటికొస్తే అప్పుడూ దొరకదు. ఆకలితో సింఫనీ వినడం ఎవరి వల్లా కాదు. కాబట్టి మధ్యాహ్నం కడుపునిండా తినండి. సాయంత్రానికి బేకరీ నుంచి గానీ, సూపర్ మార్కెట్ నుంచి గానీ ఏదో ఒకటి కొని ఉంచుకోండి. ఆదివారమైతే చాలా దుకాణాలు మధ్యాహ్నానికే మూసేస్తారు, ముందురోజే కొనండి. వంటగది ఉన్న గది తీసుకున్నవాళ్లకు పులిహోరకి మించింది లేదు. సరస్సు ఒడ్డున బెంచీ మీద తినేసి వెళ్లండి, హాల్లోకి తీసుకెళ్లకండి.

శాకాహారులు "వెజిటేరియన్" అని ఊరుకోకుండా "సాం వియాండ్, సాం ప్వాసోం" అనండి. మాంసం వద్దు, చేప వద్దు అని. ఈ ప్రాంతపు తార్తిఫ్లెట్ చూడటానికి బంగాళాదుంప, చీజ్ లాగే ఉంటుంది గానీ మధ్యలో పంది మాంసం ముక్కలుంటాయి. ఫాండ్యూలో మాంసం ఉండదు, కానీ చీజ్‌ని వైట్ వైన్‌తో కరిగిస్తారు. వద్దనుకునేవాళ్లు ముందే అడగండి.

పైకి ఎక్కడానికి ఫ్యునిక్యులర్ ఉంది. పట్టాల మీద కొండెక్కే పాతకాలపు చిన్న బండి, ఎక్కడానికి డబ్బులు తీసుకోరు. వేసవిలో నడుస్తుంది. పై స్టేషన్లలో దిగి హాలుకు నడిచి వెళ్లవచ్చు. ఒక్కటే మెలిక: కచేరీ విడిచే వేళకు అది ఆగిపోయి ఉంటుంది. సాయంత్రం చివరి బండి ఎన్నింటికో అక్కడి బోర్డు మీద చూసి, దానికన్నా ముందే పైకి చేరిపోండి. కాలినడకన అయితే సరస్సు ఒడ్డు నుంచి సుమారు అరగంట ఎక్కుడు.

హాలుకు 40 నిమిషాల ముందు చేరేలా చూసుకోండి. జూన్ చివర ఇక్కడ పొద్దు గుంకేది రాత్రి 9.30 ప్రాంతంలో. చెట్ల మధ్య కాసేపు తిరగడానికి వెలుగు ఉంటుంది.

8. హాల్లో

ఆలస్యమైతే వెంటనే లోపలికి పంపరు. ఒక రచన ముగిశాకో, విరామంలోనో పంపుతారు. తలుపు దగ్గర వాదించి లాభం లేదు.

మొదట వాద్యకారులు వస్తారు. ఓబో అనే వాద్యం ఒక స్వరం పట్టిస్తే అందరూ శ్రుతి చేసుకుంటారు. తర్వాత కండక్టర్ వస్తాడు, చప్పట్లు. అక్కణ్ణుంచి రచన మొత్తం ముగిసేదాకా మళ్లీ చప్పట్లు ఉండవు. మూవ్‌మెంట్ల మధ్య శబ్దం ఆగుతుంది, జనం దగ్గుతారు, సర్దుకుంటారు, అంతే. ముగిసిందో లేదో తెలియకపోతే కండక్టర్ చేతులు చూడండి. చేతులు గాల్లోనే ఉంటే ఇంకా ఉంది. కిందికి దించి మనవైపు తిరిగితే అయిపోయినట్టు. క్వార్టెట్‌లో అయితే కమానులు కిందికి దిగి, భుజాలు సడలే దాకా ఆగండి. అప్పటికీ అనుమానంగా ఉంటే పక్కవాళ్లు మొదలుపెట్టాక మీరూ కలపండి. ఎప్పుడైనా ఎవరైనా ముందుగా కొట్టేసినా ప్రపంచం మునిగిపోదు. వాయించేవాళ్లు చాలామంది దాన్ని పట్టించుకోరు.

మన రసికులకు కష్టమైన నియమం వేరే ఉంది. బాగున్న చోట "భళా" అనకూడదు, తొడ మీద తాళం వేయకూడదు, తల కూడా పెద్దగా ఊపకూడదు. వెనకవాళ్లకు అడ్డం. మెచ్చుకోలంతా చివరికి దాచుకోండి. చివర మాత్రం మొహమాటం లేకుండా, చేతులు నొప్పి పుట్టేదాకా కొడతారు. కళాకారుడు మూడు నాలుగుసార్లు తిరిగొచ్చి నమస్కరిస్తాడు, "బిస్" (మళ్లీ) అని అరిస్తే ఇంకో చిన్న రచన వాయించవచ్చు.

అందుకే పట్టికలో రాసిన నిడివికి ఇంకో 20 నిమిషాలు కలిపి తిరుగు ప్రయాణం లెక్క వేసుకోండి.

9. నీళ్లు, స్పా

కాషా ఊట దగ్గర కొళాయి నుంచి ఎవియాన్ నీళ్లు ఉచితంగా పట్టుకోవచ్చు. ఖాళీ సీసా వెంట తీసుకెళ్లండి.

స్పాలో డాక్టరు చీటీతో చేసే చికిత్స 18 రోజుల కోర్సు. కచేరీకి వచ్చినవాళ్లకు అది కుదరదు. ఒక పూట ప్రవేశం, మసాజ్ లాంటివి ముందే బుక్ చేసుకోండి, అవీ కచేరీ మర్నాటికి పెట్టుకోండి. వేడినీళ్లలో మధ్యాహ్నమంతా గడిపి రాత్రి అడాజియో వింటే నిద్ర ఖాయం. ఫ్రాన్స్ ఈత కొలనుల్లో వదులు నిక్కర్లు ఒప్పుకోరు, ఒంటికి అంటుకునే ఈత దుస్తులే కావాలి. చాలాచోట్ల తలకు టోపీ కూడా అడుగుతారు.

10. తప్పు జరిగితే

టికెట్లు అయిపోయాయి: వదిలేయకండి. రద్దయినవి మళ్లీ సైట్‌లో కనిపిస్తాయి, ముఖ్యంగా చివరి రెండు రోజుల్లో. అదీ లేకపోతే కచేరీకి గంట ముందు హాలు కౌంటర్ దగ్గర అడగండి.

కళాకారుడు మారాడు: ఒంట్లో బాగాలేక చివరి నిమిషంలో మారడం మామూలే. రచన కూడా మారిందేమో చూడండి. మారితే ఆ పూట కొత్తదాన్ని ఒక్కసారైనా విని వెళ్లండి.

దగ్గు ఆగడం లేదు: మూవ్‌మెంట్ ముగిసేదాకా నోటికి శాలువా అడ్డం పెట్టుకోండి. ఇంకా ఆగకపోతే లేచి బయటికి నడవండి. అది మర్యాదే, ఎవరూ తప్పు పట్టరు. దగ్గు వచ్చేలా ఉందని ముందే తెలిస్తే వరస చివరి సీటు తీసుకోండి.

గాలివాన వస్తోంది: లోజాన్ వాళ్లు సాయంత్రమే పడవల స్థితి చూసుకోవాలి. సరస్సు మీద గాలి ఎక్కువైతే పడవలు ఆపేయవచ్చు.

చివరి పడవ తప్పింది: సరస్సు చుట్టూ టాక్సీలో లోజాన్ వెళ్లడం అన్నింటికన్నా ఖరీదైన పరిష్కారం. ముందు ఎవియాన్‌లో, తర్వాత తోనాన్‌లో గది కోసం ఫోన్ చేయండి. పెద్ద హోటళ్లలో రాత్రంతా రిసెప్షన్ ఉంటుంది, చిన్నవాటిలో ఉండదు, కాబట్టి పెద్దవాటితోనే మొదలుపెట్టండి. ఆ రెండు మూడు నంబర్లు బయల్దేరే ముందే ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంచండి.